మట్టి బాటల బూట్లు తారు రోడ్డుకు సరిపోతాయా?

ఉదయం ఆరు గంటలకు, మధ్యాహ్నం రెండు గంటలకు, రాత్రి పది గంటలకు జంషెడ్‌పూర్‌లో షిఫ్టులు మారతాయి. ఆ వేళల్లో సాక్చీ గేటు వద్దగానీ బర్మామైన్స్ వైపుగానీ నిలబడితే ద్విచక్ర వాహనాలు వరదలా సాగిపోతుంటాయి. తలల వైపు చూస్తే హెల్మెట్లు కనిపిస్తాయి. కాళ్ల వైపు చూస్తే ఒక్కొక్కరిది ఒక్కో తీరు. కార్మికుల నల్లని సేఫ్టీ షూలు, కాన్వాసు బూట్లు, కూరగాయలకు బయలుదేరినవారి హవాయి చెప్పులు, వెనుక సీటుపై ఒకవైపుగా కూర్చున్న మహిళల పట్టీ చెప్పులు. వీటి మధ్య ఇటీవలి సంవత్సరాలలో మరొక రకం కంటబడుతోంది. మోకాలి కిందివరకూ ఎగబాకిన ప్లాస్టిక్ కవచం, పక్కన మూడు నాలుగు బకిళ్లు, చీలమండ వద్ద కీలు. రాళ్లూ బురదా నిండిన బాటల్లో జరిగే మోటోక్రాస్ పందేల కోసం రూపొందిన బూట్లు అవి. వాటిని తొడుక్కున్న యువకుడు వెళ్లేది మాత్రం ఆఫీసుకో, కళాశాలకో, బిష్టుపూర్ బజారుకో.

పందెంలో ఎముకను కాపాడే బూటు రోడ్డు మీద ఇంకా బాగా కాపాడుతుంది కదా అన్నది వారి వాదన. కొట్టిపారేయదగిన వాదన కాదిది. అయితే ఏ రక్షణ సాధనమైనా ఒక నిర్దిష్టమైన ప్రమాదాన్ని దృష్టిలో పెట్టుకొని తయారవుతుంది. కొండబాటలో కాలికి ఎదురయ్యే ప్రమాదం వేరు, మాంగో వంతెన మీద రద్దీలో ఎదురయ్యేది వేరు. ఈ తేడా ఎక్కడెక్కడ మేలు చేస్తుందో, ఎక్కడ కీడు చేస్తుందో తెలుసుకోవడం అవసరం.

జంషెడ్‌పూర్‌కు ఈ ప్రశ్న సహజంగానే వచ్చింది. 1907లో ఉక్కు కంపెనీ స్థాపనతో పుట్టి, 1919లో జంషెడ్‌జీ టాటా పేరు పొందిన ఈ నగరంలో కంపెనీ నిర్వహణలోని వీధులు విశాలంగా, చెట్ల నీడలో ఉంటాయి. సువర్ణరేఖ దాటి మాంగో వైపు, ఖర్కాయి దాటి ఆదిత్యపూర్ వైపు వెళ్లేసరికి దృశ్యం మారుతుంది. ముడిసరుకు మోసే లారీలు, అంచులు విరిగిన తారు, వాన పడితే బురద, ఎండ కాస్తే ధూళి. ఆదివారం వస్తే దల్మా కొండలు, చాండిల్ జలాశయం, ఘాట్‌శిలా దగ్గరి బురుడీ చెరువు పిలుస్తుంటాయి. 2016లో హిమాలయన్, 2019లో ఎక్స్‌పల్స్ వంటి మోటార్‌సైకిళ్లు విపణిలోకి వచ్చాక, వారమంతా రోడ్డుపైనా ఆదివారం మట్టి బాటపైనా ఒకే బండిని నడపడం మధ్యతరగతి యువకులకు సాధ్యమైంది. బండి ఒక్కటే అయినప్పుడు బూట్లు కూడా ఒక్క జతే చాలునన్న ఆలోచన దాని వెంటే వచ్చింది.

ఇక్కడి తెలుగు కుటుంబాలకు గట్టి బూటు కొత్త కాదు. ఉత్తరాంధ్ర నుంచి ఉక్కు పనికి వలస వచ్చి కదమాలో, బిష్టుపూర్ రామమందిరం పరిసరాల్లో స్థిరపడిన వారి ఇళ్ల వరండాల్లో ఉక్కు ముక్కు ఉన్న సేఫ్టీ షూ తరతరాలుగా కనిపించే వస్తువు. తాతగారు సైకిలు మీద, తండ్రి స్కూటరు మీద ఆ షూతోనే డ్యూటీకి వెళ్లారు. ఇప్పుడు మనవడు మోటోక్రాస్ బూటు కొంటానంటే ఇంట్లో తలెత్తే ప్రశ్న ఒక్కటే: మనకున్నది సరిపోదా? ఆ ప్రశ్నకూ ఈ వ్యాసంలో జవాబు వెతుకుదాం.

చట్టం తల దగ్గరే ఆగింది

మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను ద్విచక్ర వాహనంపై హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. 2019 సవరణ తర్వాత ఉల్లంఘనకు వెయ్యి రూపాయల జరిమానాతోపాటు మూడు నెలలు లైసెన్సుపై అనర్హత కూడా ఉంది. 2021 జూన్ 1 నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తులేని హెల్మెట్ తయారీ, అమ్మకం కూడా నిషిద్ధం. పాదాల విషయంలో అటువంటి నిర్బంధమేదీ లేదు. చెప్పులతో బండి నడిపితే జరిమానా వేస్తారని 2019లో విస్తృతంగా ప్రచారం జరిగింది. అటువంటి నిబంధన లేదని ఆ ఏడాది సెప్టెంబరులో కేంద్ర రహదారి రవాణా మంత్రి కార్యాలయమే వివరణ ఇచ్చింది. జరిమానా లేదన్న వార్త త్వరగానే వ్యాపించింది. జరిమానా లేనంత మాత్రాన తారు రోడ్డు మెత్తబడదన్న సంగతి దానితోపాటు ఎవరూ చెప్పలేదు.

కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించారు. మృతులలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై ఉన్నవారు. అదే సంవత్సరం గాయపడినవారు 4,43,366 మంది. మరణాలకు తల గాయాలు ముఖ్య కారణం కావచ్చు. మనిషిని మాత్రం నెలల తరబడి ఇంటికి కట్టిపడేసేది తరచుగా కాలి గాయమే. నిలబడి పనిచేసే కార్మికుడికి, నిచ్చెనలు ఎక్కే ఫిట్టరుకు, ఇంటింటికీ సరుకులు చేరవేసే కుర్రవాడికి చీలమండ సరిగా అతకకపోతే జీవనోపాధే ప్రశ్నార్థకమవుతుంది.

బండి పక్కకు ఒరిగినప్పుడు మొదట నేలకు, బండికి మధ్య చిక్కేది పాదం. వంద కిలోలకు పైబడిన బరువు ఫుట్‌రెస్టు కడ్డీ ద్వారా చీలమండపై పడుతుంది. బండి ఇంకా జారుతుంటే పాదం దాని కింద మెలితిరుగుతుంది. పక్కనుంచి కారు తగిలితే దెబ్బ నేరుగా కాలి ముందరి ఎముకకు తగులుతుంది. ఇవి మూడూ వేర్వేరు గాయాలు: నలగడం, మెలిపడటం, విరగడం. నాలుగోది చర్మం గీసుకుపోవడం. చెప్పు వీటిలో దేనినీ ఆపలేదు. పైగా మొదటి కుదుపుకే ఊడిపోతుంది.

అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం సుమారు 900 మోటార్‌సైకిల్ ప్రమాదాల స్థలాలకు స్వయంగా వెళ్లి పరిశీలించి 1981లో ఒక నివేదిక వెలువరించింది. తల, మెడ మినహా మిగిలిన శరీరానికి తగిలిన గాయాలలో సగం పాదం, చీలమండ, పిక్క, మోకాలు, తొడలకే తగిలాయని అందులో తేలింది. బరువైన బూట్లు, గట్టి దుస్తులు గీతలనూ కోతలనూ బాగా తగ్గిస్తాయని కూడా ఆ నివేదిక పేర్కొంది. అందులోనే మన దేశానికి ప్రత్యేకంగా పనికివచ్చే మాట మరొకటి ఉంది. బండి ముందు బిగించే కాపుదల కడ్డీలు, అంటే మనం లెగ్‌గార్డు అని పిలిచేవి, పాదానికి తగిలే గాయాలను తగ్గించినా మోకాలికీ తొడకూ తగిలే గాయాలను ఆ మేరకు పెంచాయట. లెగ్‌గార్డు ఉంది కాబట్టి చెప్పులు చాలునని ధీమాగా ఉండేవారు గమనించదగిన మాట ఇది.

ఆ బూటు అలా ఎందుకుంది

మోటోక్రాస్ పందెంలో నడిపేవాడు చాలాసేపు సీటుపై కూర్చోడు. రెండు ఫుట్‌రెస్టుల మీద నిలబడి, మోకాళ్లతో బండిని బిగించి, గాలిలోకి లేచి మళ్లీ నేలపై పడతాడు. అప్పుడు శరీరభారమంతా అరికాలి మధ్యభాగంలో రెండంగుళాల వెడల్పున్న ఇనుప పలక మీద పడుతుంది. అందుకే బూటు అట్టలో ఉక్కు పట్టీ ఉంటుంది. మలుపులో లోపలి కాలు ముందుకు చాచి నేలను రాస్తూ పోవడం ఈ పందేల పద్ధతి. ఆ కాలు గాడిలో చిక్కుకుంటే చీలమండ మెలితిరిగిపోతుంది. అందుకే చీలమండకు రెండు వైపులా పలకలు, కీళ్లు అమర్చి, పాదం ముందుకూ వెనక్కూ మాత్రమే వంగేలా, పక్కలకు తిరగకుండా చేస్తారు. ముందు చక్రం ఎగజిమ్మే రాళ్ల నుంచి, ఇతరుల బండ్ల నుంచి కాపాడటానికి కాలి ముందువైపు గట్టి ప్లాస్టిక్ కవచం. అట్ట అడుగుభాగం మాత్రం దాదాపు నున్నగా ఉంటుంది. మలుపులో కాలు నేలపై జారాలేగానీ పట్టుకోకూడదు కదా.

ఇప్పుడు ప్రపంచమంతటా పేరున్న ఈ బూట్ల వెనుక కొండల చరిత్ర ఉంది. ఇటలీలో ఆల్ప్స్ పాదాన ఉన్న ఆసోలో పట్టణంలో సాంతే మద్జరోలో అనే తోలు పనివాడు 1963లో ఆల్పైన్‌స్టార్స్ సంస్థను ప్రారంభించి, తొలుత మంచుపై జారే క్రీడకు, పర్వతారోహణకు బూట్లు తయారుచేశాడు. ఐరోపాలో మోటోక్రాస్ అప్పుడే విస్తరిస్తున్నది. ఆ క్రీడకు పనికివచ్చే బూటు లేదని గుర్తించి ఆయన అటువైపు మళ్లాడు. 1971 నుంచి 1976 మధ్య 500 సీసీ విభాగంలో అయిదుసార్లు ప్రపంచ విజేతగా నిలిచిన బెల్జియం దేశస్థుడు రోజే డి కోస్టర్ ఆ బూట్లు ధరించాడు. అంటే ఈ పాదరక్ష వంశవృక్షంలో తారు రోడ్డు ఎక్కడా లేదు.

అయినప్పటికీ రోడ్డు మీద దీనికి కొన్ని స్పష్టమైన ప్రయోజనాలున్నాయి. బండి కింద పడిన కాలు నలగకుండా కాపాడటంలో, చీలమండను మెలితిరగనివ్వకపోవడంలో దీనికి సాటివచ్చే మామూలు బూటు లేదు. పిక్కవరకూ ఎత్తుండటం వల్ల సైలెన్సరు వేడి నుంచి కూడా కాలు తప్పించుకుంటుంది. అయితే లోపలివైపు తోలు లేదా రబ్బరు పలక ఉన్న బూటుకే ఆ భరోసా. సైలెన్సరు పైపు బయటికి పొడుచుకువచ్చిన బండ్లపై ప్లాస్టిక్ భాగం ఆనితే కరిగి అంటుకుంటుంది.

గేరు పెడల్ దగ్గర మొదలయ్యే చిక్కు

రోజువారీ ప్రయాణంలో కాలు చేసే పని మనం అనుకునేదానికన్నా సున్నితమైనది. కదమా నుంచి సాక్చీ వరకు వెళ్లిరావడంలోనే గేరు ఎన్నిసార్లు మారుస్తామో లెక్కపెట్టి చూడవచ్చు. ఎడమ పాదం వేళ్లతో పెడల్‌ను తాకి, అది ఎంతవరకు కదిలిందో చర్మం ద్వారా తెలుసుకుంటుంది. కుడి పాదం వెనుక బ్రేకును ఎంత నొక్కాలో అలాగే కొలుచుకుంటుంది. మోటోక్రాస్ బూటు తొడిగిన కాలికి ఈ కబురు అందదు. ముక్కు భాగం మందంగా ఉండటంతో అది పెడల్ కిందికి దూరదు. దూరినా గేరు పడిందో లేదో తెలియదు.

మన దేశంలో దీనికి తోడు మరొక విశేషం. నిత్యం వాడే బండ్లలో చాలావాటికి గేరు పెడల్ రెండు కొసలున్న కడ్డీ రూపంలో ఉంటుంది. ముందు కొసను వేళ్లతో, వెనుక కొసను మడమతో తొక్కాలి. చెప్పులకూ, తోలు షూలకూ అనువుగా ఏర్పడిన అమరిక ఇది. ముక్కు పెడల్ కింద దూర్చాల్సిన పని లేదు కాబట్టి మందపు బూటుకు ఇది కలిసివచ్చేదే. కానీ రెండు కొసల మధ్య ఉన్న జాగా ఆ బూటుకు ఇరుకు. మడమ అనుకోకుండా వెనుక కొసకు ఆనుతుంది. చీలమండ కీలు పక్కలకు తిరగనివ్వదు కాబట్టి పాదాన్ని కాస్త పక్కకు తిప్పి తప్పించుకోవడం కూడా కుదరదు. లెగ్‌గార్డు దగ్గరగా ఉన్న బండ్లలో ఇరుకు మరింత పెరుగుతుంది.

బ్రేకు వైపు చిక్కు ఇంతకన్నా ప్రమాదకరం. బూటు బరువు, మందం కారణంగా పాదం పెడల్‌పై ఆని ఉన్నా నడిపేవారికి తెలియదు. వెనుక బ్రేకు కొద్దిగా పట్టి ఉంటుంది. లైనింగు అరుగుతుంది, డ్రమ్ము వేడెక్కుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా బ్రేకు దీపం వెలిగే ఉంటుంది. వెనుక వస్తున్న లారీ డ్రైవరుకు మీరు నిజంగా ఎప్పుడు ఆగబోతున్నారో తెలిసే దారి ఉండదు.

ఇక నేల మీద కాలు పెట్టడం. పందెంలో బండి ఆగదు. ఊళ్లో ఆగని బండి ఉండదు. సిగ్నలు దగ్గర, పెట్రోలు బంకులో, రైల్వే గేటు దగ్గర ఆగిన ప్రతిసారీ ఒక కాలు నేలపై ఆనించాలి. నున్నని అట్ట తడిసిన జీబ్రా చారలపై, డీజిలు ఒలికిన చోట, బంకులోని పలకలపై జారుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు జార్ఖండ్ వానల్లో రోడ్డు మీది ధూళి పలచని బురద పొరగా మారినప్పుడు ఈ ఇబ్బంది రెట్టింపు. పాదం జారి నిలువుగా ఉన్న బండి ఒరిగిపోవడం చిన్న సంగతిగా కనిపిస్తుంది. వెనుక భార్యో బిడ్డో కూర్చుని ఉంటే అది చిన్న సంగతి కాదు.

వేడి గురించి ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊరిలో, మేజోడు మీద ప్లాస్టిక్ కవచంలో బిగించిన కాలు అరగంటకే తడిసిపోతుంది. జత నాలుగు కిలోల వరకు బరువు తూగే ఈ బూట్లతో రెండంతస్తుల మెట్లు ఎక్కడం ఒక శ్రమ. నడిచినప్పుడల్లా వచ్చే కిర్రుకిర్రు చప్పుడు ఆఫీసులో నవ్వులకు కారణం. ఇవన్నీ పైపై ఇబ్బందులే అనిపించవచ్చు, కానీ ఫలితం వీటి వల్లే తేలుతుంది. మొదటి నెల ఉత్సాహంగా తొడిగిన బూటు రెండో నెల వారానికి రెండు రోజులు, మూడో నెల ఆదివారం మాత్రమే బయటికి వస్తుంది. మిగతా రోజుల్లో కాలికి మళ్లీ చెప్పులే.

నిజానికి ఎంత రక్షణ చాలు? 2008 జూన్ నుంచి 2009 జూలై వరకు ఆస్ట్రేలియా రాజధాని ప్రాంతంలో ప్రమాదానికి గురైన 212 మంది మోటార్‌సైకిల్ చోదకులను పరిశోధకులు పరిశీలించారు. లీజ్ డి రోమ్, ఆమె సహచరులు 2011లో ప్రచురించిన ఈ పరిశోధనలో, లోపల రక్షణ పలకలున్న మోటార్‌సైకిల్ బూట్లు ధరించినవారికి పాదం, చీలమండ గాయపడే అవకాశం 46 శాతం తక్కువని తేలింది. ఆశ్చర్యం కలిగించే అంశం మరొకటి. మోటార్‌సైకిల్ కోసం ప్రత్యేకించి తయారు కాని మామూలు గట్టి బూట్లు, అంటే పనివాళ్ల బూట్ల వంటివి తొడిగినవారిలోనూ మామూలు షూలు ధరించినవారితో పోలిస్తే గాయపడే అవకాశం 54 శాతం తక్కువగా నమోదైంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పనివాళ్ల బూటే మేలైనదని తీర్మానించరాదు. పరిశీలించిన వారి సంఖ్య తక్కువ, పరిస్థితులూ మనవి కావు. చెప్పుకు, చీలమండ కప్పే బూటుకు మధ్య ఉన్న దూరమే పెద్దదని, బూటుకు బూటుకు మధ్య దూరం అంత పెద్దది కాదని మాత్రం అనుకోవచ్చు.

మంచుపై జారే క్రీడ నుంచి కూడా ఒక అనుభవం నేర్చుకోదగినది. అక్కడి బూట్లు ఎత్తుగా, గట్టిగా మారుతున్నకొద్దీ చీలమండ విరగడం తగ్గింది, కానీ బూటు అంచు దగ్గర కాలి ఎముకకూ, ఆపై మోకాలికీ గాయాల బెడద ముందుకు వచ్చింది. గట్టి కవచం దెబ్బ శక్తిని మాయం చేయలేదు. కొంత పీల్చుకుని మిగతాది పైకి పంపుతుంది. మోటోక్రాస్ బూటు తొడిగేవారు మోకాలి కవచం కూడా ధరించడానికి ఇదొక కారణం. బజారుకు వెళ్లేటప్పుడు మోకాలి కవచం ఎవరు తొడుగుతారు?

వరండాలో ఉన్న సేఫ్టీ షూ సంగతి

ఇప్పుడు కదమా ఇంటి ప్రశ్నకు వద్దాం. భారత ప్రమాణం ఐ.ఎస్. 15298, అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 20345 ప్రకారం సేఫ్టీ షూ ముక్కు 200 జౌళ్ల దెబ్బను, 15 కిలోన్యూటన్ల ఒత్తిడిని తట్టుకోవాలి. తేలికగా చెప్పాలంటే ఇరవై కిలోల ఇనుప దిమ్మె ఒక మీటరు ఎత్తు నుంచి వేళ్లపై పడినా వేళ్లు దక్కాలి. ఉక్కు ముక్కు ప్రమాదంలో వంగి వేళ్లను కోసేస్తుందని కార్మికుల్లో ఒక భయం ప్రచారంలో ఉంది. ఉక్కు వంగిపోయేంత బరువు పడితే ఉక్కు లేని షూలోని వేళ్లకు అంతకన్నా మంచి గతి ఉండదు. కాబట్టి ఆ భయంతో షూ మానుకోవడం సరికాదు.

అయితే సేఫ్టీ షూ పైనుంచి పడే బరువు కోసం తయారైంది. రోడ్డుపై దెబ్బ పక్కనుంచి వస్తుంది. చీలమండ కిందికే ఆగిపోయే షూ అయితే గాయపడే చోటే బట్టబయలుగా ఉంటుంది. చీలమండను కప్పుతూ ఎత్తుగా ఉండే రకం ఎంతో నయం. దాని అట్ట నూనె పడిన నేలపై జారకుండా రూపొందినది కాబట్టి సిగ్నలు దగ్గర మోటోక్రాస్ బూటుకన్నా బాగా నిలుస్తుంది. లోపాలు రెండు. ఉక్కు ముక్కు మందం వల్ల గేరు పెడల్ దగ్గర పైన చెప్పిన ఇబ్బందే కొంత తక్కువగా ఉంటుంది. రెండోది లేసు. ముడి వదులై వేలాడే లేసు పెడల్‌కో, గేరు కడ్డీకో చుట్టుకుంటే ఆగాల్సిన క్షణంలో కాలు నేలపైకి రాదు. లేసు కొసలను షూ లోపలికి దోపుకోవడం అరనిమిషం పని. వానాకాలంలో తొడిగే గంబూటు నీటిని ఆపుతుంది, అంతే. వదులుగా ఉండే గంబూటు కాలు ఇరుక్కుంటే ఊడిపోతుంది, నలిగితే నలిగిపోతుంది.

మోటార్‌సైకిల్ బూటే కొనాలనుకునేవారు లోపలి చీటీపై చూడాల్సింది ఐరోపా ప్రమాణం ఈ.ఎన్. 13634 గుర్తు. మోటార్‌సైకిల్ బొమ్మ కింద నాలుగు అంకెలుంటాయి. ప్రతి అంకె 1 లేదా 2. అవి వరుసగా బూటు ఎత్తు, రాపిడికి ఓర్పు, కోతకు ఓర్పు, పక్కనుంచి నొక్కితే నలగని గట్టితనాన్ని తెలుపుతాయి. చివరి అంకె 1 అయితే ఒక కిలోన్యూటన్, అంటే సుమారు వంద కిలోల బరువుకు సమానమైన ఒత్తిడిని, 2 అయితే ఒకటిన్నర కిలోన్యూటన్లను నిర్ణీత పరిమితికి మించి నలగకుండా తట్టుకున్నదని అర్థం. డబ్ల్యు.ఆర్. అని ఉంటే నీటిని తట్టుకునే పరీక్షలో నెగ్గిందని. పైకి భీకరంగా కనిపించి లోపల ఏ గుర్తూ లేని బూట్లు కూడా బజారులో ఉన్నాయి. బకిళ్ల సంఖ్యను బట్టి రక్షణను అంచనా వేయకూడదు.

మోటోక్రాస్ బూటుకు, రోడ్డు షూకు నడుమ ‘అడ్వెంచర్ బూట్లు’ అని ఒక రకం ఉంది. ఎత్తు కొంచెం తక్కువ, ప్లాస్టిక్ తక్కువ, తోలు ఎక్కువ, చీలమండ మరికాస్త వంగుతుంది, అట్టకు గాళ్లుంటాయి. వారమంతా ఊళ్లో తిరిగి ఆదివారం దల్మా దారి పట్టేవారికి సరిపడేది ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆదివారం కూడా తారు దాటనివారికి చీలమండ కప్పే రోడ్డు బూటు చాలు. నిజంగా రాళ్లబాటల్లో నిలబడి నడిపేవారు మోటోక్రాస్ బూటు కొనుక్కోవలసిందే. వారు దాన్ని ఆ రోజుకే ఉంచుకోవడం మంచిది.

ఇప్పటికే కొన్నవారు మాత్రం మూలన పడేయనక్కరలేదు. గేరు పెడల్ ఒక పళ్ల ఇరుసుపై బోల్టుతో బిగించి ఉంటుంది. బోల్టు వదులు చేసి ఒక పన్ను మేర పైకి జరిపితే మందపు ముక్కుకు చోటు దొరుకుతుంది. కడ్డీతో కలిపిన అమరిక అయితే దాని నట్లు తిప్పి సర్దుతారు. బ్రేకు పెడల్ ఎత్తు కూడా అలాగే మార్చవచ్చు. మార్చిన తర్వాత బ్రేకు దీపం సరిగా వెలిగి ఆరుతున్నదో లేదో తప్పక చూసుకోవాలి. వీధి మెకానిక్కుకు ఇది పది నిమిషాల పని. ఆ తర్వాత బూటు తొడిగి, బండి మీద కూర్చుని, ఇంజను ఆపి ఉంచే యాభైసార్లు గేర్లు మార్చి చూడాలి. రద్దీ రోడ్డెక్కే ముందు తెల్లవారుజామున ఖాళీ వీధుల్లో కొన్నాళ్లు అలవాటు చేసుకోవాలి. కొత్త బూటు గట్టితనం వదలడానికి ఎలాగూ వారాలు పడుతుంది. కొనేటప్పుడు దుకాణంలో నడిచి చూడటం చాలదు. వీలైతే సొంత బండి మీద కూర్చుని పెడల్ తొక్కి చూశాకే డబ్బు చెల్లించాలి. వేల రూపాయల వస్తువు కాబట్టి దుకాణదారు విసుక్కున్నా మొహమాటపడనక్కరలేదు.

ఈ చర్చంతా నడిపేవారి కాళ్ల చుట్టూనే తిరిగింది. వెనుక కూర్చున్నవారి కాళ్ల మాట ఎవరూ ఎత్తరు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 123వ నియమం వెనుక కూర్చునేవారికి పట్టుకునే పిడి, పాదం పెట్టుకునే ఆధారం, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనుక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని నిర్దేశిస్తుంది. సోకు కోసం ఆ చీర కాపును విప్పేయించే యువకులే ఒక్కోసారి పదిహేను వేల రూపాయల బూట్లు తొడిగి కనిపిస్తారు. వెనుక తల్లి రబ్బరు చెప్పులతో, చీర కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుని కూర్చుంటుంది. పాదం ఆధారానికి అందని చిన్నపిల్లల మడమలు చక్రం ఊచల్లో చిక్కుకుని తెగిన గాయాలు మన ఆసుపత్రులకు కొత్తవి కావు. ఆ పిల్లలకు కావలసింది మడమ మూసిన స్కూలు బూటు, చక్రానికి బిగించిన ఒక ఇనుప జాలీ. రెండూ కలిపినా ఒక బకిలు ఖరీదు దాటదు.

చివరగా వానాకాలం సంగతి. తడిసిన బూటును పొయ్యి దగ్గరో నిప్పుల దగ్గరో ఆరబెడితే తోలు బిరుసెక్కి పగులుతుంది, అట్ట జిగురు ఊడుతుంది. లోపలి పొర బయటికి తీసి, పాత వార్తాపత్రికలు కుక్కి, ఫ్యాను కింద నీడలో ఆరనివ్వాలి. కాగితాలు తడిసినప్పుడల్లా మార్చాలి. రాత్రి పది గంటల షిఫ్టు దిగి వానలో తడిసి వచ్చినవారికి మరునాటి డ్యూటీ వేళకు బూటు సగమే ఆరి ఉంటుంది. అటువంటి ఇళ్లలో రెండో జత మేజోళ్లు, పాత సేఫ్టీ షూ సిద్ధంగా ఉంచుకోవడం ఇక్కడివారికి ఎప్పటినుంచో అలవాటే.